పురిటి గది నర్సు సంతృప్తి: కొలిచేవారి మీద నా ఫిర్యాదు



"మంత్రసానితనానికి ఒప్పుకొన్నాక ఏది వచ్చినా పట్టాలి" అన్న సామెత మన గోదావరి సీమలో వినని వారుండరు. "ఏది వచ్చినా" అన్నచోట పెద్దవారు వాడే అసలు మాట ఇంకా మొరటుగా ఉంటుంది, దానిని ఇక్కడ వ్రాయను. ముప్పై ఏళ్ళకు పైబడి సర్కారు వైద్యం చేసిన నేను ఈ సామెతను ఎందరు నర్సుల మీద ప్రయోగించానో లెక్క లేదు. రాత్రి డ్యూటీలు వరుసగా పడుతున్నాయని ఒకామె, గ్లవ్సులు నిండుకొన్నాయని మరొకామె, ఆయా రాలేదని ఇంకొకామె వచ్చి మొరపెట్టుకొంటే, నవ్వుతూ ఈ ముక్క అని పంపించివేసేవాణ్ణి. వారూ నవ్వేవారు. ఆ నవ్వును నేను సంతృప్తి క్రింద జమ వేసుకొన్నాను. ఈ వ్యాసం ఆ జమాఖర్చు గురించి.

క్రిందటి నెలలో పలివెలలోని మా ఇంటికి ఒక అమ్మాయి వచ్చింది. ఎమ్మెస్సీ నర్సింగ్ చదువుతున్నది. పురిటి గదులలో పనిచేసే నర్సుల ఉద్యోగ సంతృప్తిని కొలవడం ఆమె పరిశోధనాంశం. చేతిలో 36 ప్రశ్నల పత్రం. "డాక్టరుగారండీ, కొత్తపేట, అమలాపురం, రాజోలు ఆసుపత్రులలో మీ మాట చెల్లుతుంది కదండీ. సూపరింటెండెంటు గార్లకు ఒక్క మాట చెప్పండి. రెండు రోజులలో నర్సులందరి చేతా నింపించేసుకొంటాను" అన్నది. చెప్పనన్నాను. పాపం నొచ్చుకొన్నది. కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, ఎందుకు చెప్పనో గంటసేపు వివరించాను. ఆమెతో అన్నదే మీకూ విన్నవిస్తాను. చిన్నపిల్ల ఎదుట అణచుకొన్న కోపాన్ని మీ ఎదుట అణచుకోవలసిన పని లేదు గనుక కొంచెం ఘాటుగానే ఉంటుంది.

ముందు ఆ పత్రం సంగతి. అమెరికాకు చెందిన పాల్ స్పెక్టర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1985లో దానిని ప్రచురించాడు. జీతం, పదోన్నతి, పై అధికారి తీరు, ఇతర సదుపాయాలు, మంచి పనికి మెప్పు, ఆఫీసు నిబంధనలు, తోటివారు, పని స్వభావం, సమాచారం అందడం అని తొమ్మిది అంశాలు, అంశానికి నాలుగు ప్రశ్నలు. ప్రశ్నకు 1 నుంచి 6 వరకు మార్కులు. మొత్తం 36కు తగ్గదు, 216కు మించదు. 144 దాటినవారు సంతృప్తులు, 108కి లోబడినవారు అసంతృప్తులు, నడుమ ఉన్నవారు ఎటూ తేలనివారు. సామాజిక సేవా సంస్థలలో పనిచేసేవారిని దృష్టిలో పెట్టుకొని శ్రద్ధగా చేసిన కొలబద్ద అది. దాని మీద నాకు తగవు లేదు. నా తగవంతా దానిని తెచ్చి పురిటి గది గుమ్మానికి తగిలించి, వచ్చిన సంఖ్యను ముడివేసుకొని వెళ్ళిపోయేవారితో.

పురిటి గదిలో ఏమి జరుగుతుందో చూడని పాఠకులకు ఒక్క నిమిషం గురించి చెబుతాను. బిడ్డ బయటపడింది, ఏడవలేదు. ఆ తొలి నిమిషంలోనే తుడిచి, వెచ్చగా ఉంచి, గొంతులో అడ్డుంటే తీసి, అప్పటికీ ఊపిరి అందకపోతే బ్యాగు, మాస్కులతో గాలి అందించాలి. అదే నిమిషంలో తల్లికి 10 యూనిట్ల ఆక్సిటోసిన్ తొడకు ఇవ్వాలి, లేకపోతే గర్భాశయం ముడుచుకోక రక్తం కాలువ కడుతుంది. రెండు ప్రాణాలు, రెండు బల్లలు, ఒక నర్సు. ఎటు తిరగాలి? పక్కన ఇంకొక శిక్షణ పొందిన మనిషి ఉంటే అది మామూలు రాత్రి. లేకపోతే ఆ నర్సు జన్మంతా మరచిపోలేని రాత్రి. ఆమె ఉద్యోగ సంతృప్తి అనేది, ఉంటే గింటే, ఈ రెండు రాత్రుల మధ్య ఎక్కడో ఉన్నది. ఆ 36 ప్రశ్నలలో ఈ నిమిషాన్ని తాకే ప్రశ్న ఒక్కటీ లేదు. డాక్టరుకు ఫోను చేస్తే ఎన్నో రింగుకు ఎత్తుతారు అన్న ప్రశ్నా లేదు. అది లేనందుకు మా డాక్టర్లం ఊపిరి పీల్చుకోవచ్చు.

ఇక సగటు అనే మాయ. ఊహకు ఒక లెక్క తీసుకోండి. ఆరుగురు నర్సులున్న పురిటి గది. ముగ్గురు రెగ్యులర్ ఉద్యోగులు, తలా 170 మార్కులు వేశారు. ముగ్గురు కాంట్రాక్టువారు, తలా 100 వేశారు. సగటు 135. నివేదికలో "ఇచటి సిబ్బంది ఒక మోస్తరు సంతృప్తితో ఉన్నారు" అని వ్రాస్తారు. ఆ గదిలో 135 ఉన్న మనిషి ఒక్కరూ లేరు! ఒకే పని, ఒకే రక్తం, ఒకే నిద్ర లేమి. జీతాలు వేరు, వచ్చే ఏడాది ఉద్యోగం ఉంటుందన్న భరోసా వేరు. ఇద్దరినీ ఒకే కుండలో వేసి కలిపి, వచ్చిన గోరువెచ్చదనాన్ని కొలిచామని చెప్పుకోవడం శాస్త్రం కాదు.

అసలు అడగవలసినది ఎవరిని అన్నది అంతకంటే పెద్ద చిక్కు. ఏ.ఎన్.ఎం. అన్న మూడక్షరాలలో చివరిది మంత్రసాని. ఒకప్పుడు ఆ పేరుకు తగ్గట్టే రెండేళ్ళ శిక్షణ ఉండేది, అందులో కాన్పుదే పెద్దపీట. 1973లో కర్తార్ సింగ్ కమిటీ నివేదిక వచ్చాక ఆమె బహుళార్థ ఆరోగ్య కార్యకర్త అయింది. శిక్షణ 18 నెలలకు తగ్గింది. కుటుంబ నియంత్రణ లక్ష్యాలు, టీకాలు, రిజిస్టర్లు ఆమె నెత్తిన పడ్డాయి. ఇంటింటికీ తిరిగే మనిషికి కాన్పు చేసే తీరిక ఎక్కడిది? మరొక వైపు, ఆసుపత్రిలో రాత్రింబవళ్ళు కాన్పులు చేస్తున్నది స్టాఫ్ నర్సు. ఆమె చదివిన డిప్లొమా పేరులో ప్రసూతి విద్య ఉన్నది, కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో నర్సు అనీ మంత్రసాని అనీ రెండూ ఉన్నాయి, ఉద్యోగపు హోదాలో మాత్రం నర్సు అనే ఉన్నది. ఈ నెల పురిటి గది, వచ్చే నెల పిల్లల వార్డు, ఆ పై నెల ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ. ఇలా తిప్పుతున్న మనిషిని పట్టుకొని "మంత్రసానిగా మీ సంతృప్తి ఎంత?" అంటే, ఆమె ఏ వార్డును తలచుకొని జవాబు చెబుతుంది?

కేంద్ర ప్రభుత్వం 2018లో ప్రసూతి సేవల మార్గదర్శకాలు వెలువరించి, నర్సులకు 18 నెలల ప్రత్యేక శిక్షణతో మంత్రసాని వృత్తిని తిరిగి నిలబెట్టదలచింది. అంతకు ఒక ఏడాది ముందే, 2017లో, తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యునిసెఫ్ తోడ్పాటుతో కరీంనగరంలో ఇలాంటి శిక్షణ మొదలుపెట్టింది. నాకు ఇది చాలా సంతోషం కలిగించిన వార్త. కాని ఇన్నాళ్ళ సర్కారు అనుభవంతో ఒక అనుమానం కూడా వెంటనే పుట్టింది. ఇంత శిక్షణ ఇచ్చిన మనిషికి సాధారణ కాన్పు విషయంలో నిర్ణయాధికారం ఇస్తారా, లేక వెనుకటిలా "మేడమ్ వచ్చేదాకా ఆగు" అంటారా? ఆమెకు నేర్పిన విద్య ఆమె చేతిలో ఉండనిస్తే సంతృప్తి అడగకుండానే కనిపిస్తుంది. విద్య నేర్పి చేతులు కట్టివేస్తే, నేర్వనివారికంటే నేర్చినవారికే బాధ ఎక్కువ.

ఇది నా ఊహ మాత్రమే కాదు. బ్రిటన్‌లో 2002లో మంత్రసానులు ఉద్యోగం ఎందుకు వదిలి పోతున్నారని వారి రాయల్ కాలేజీ ఆధ్వర్యంలో పెద్ద అధ్యయనం జరిగింది. తాము నమ్మిన పద్ధతిలో తల్లులను చూసుకొనే వీలు లేకపోవడమే ముఖ్య కారణంగా తేలింది. 2018లో సుమారు రెండు వేలమందిని అడిగిన మరొక అధ్యయనం ఇంకా ఆలోచింపజేస్తుంది. 83 శాతం మంది మనిషిగా అలసి సొలసిపోయి ఉన్నారు. 67 శాతం మంది ఆ అలసట పని వలననే అన్నారు. తల్లుల వలన అలసిపోతున్నామన్నవారు దాదాపు 16 శాతమే. చూశారా? నొప్పులతో అరిచే తల్లి, విసిగించే బంధువులు, ఇవి కావు నర్సును కుంగదీస్తున్నవి. పని ఏర్పాటు చేసిన తీరు కుంగదీస్తున్నది. అన్నిటినీ కలిపి ఒకే సంఖ్యగా చెప్పి ఉంటే ఈ సత్యం బయటపడేదే కాదు.

ఇప్పుడు నా సొంత నేరాలు రెండు చెప్పుకోవాలి.

మొదటిది 1986 ఆగస్టు గోదావరి వరద నాటిది. అప్పుడు నేను లంక గ్రామాల వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారిని. ఏటికి అవతల వరద బాధితులను ఉంచిన బడిలో ఒక గర్భిణికి నొప్పులు వచ్చాయి. నేను ఇవతలి గట్టున చిక్కుబడ్డాను. పడవ వేసే ధైర్యం ఎవరికీ లేదు. అక్కడ ఉన్నది మా ఏ.ఎన్.ఎం. ఒక్కతే. బిడ్డ ఎదురుకాళ్ళతో వస్తున్నది. లాంతరు వెలుగులో, బెంచీల మీద, ఊళ్ళోని ముసలమ్మల సాయంతో ఆమె ఆ కాన్పు చేసింది. తొందరపడి లాగకుండా, తల చివరకు వచ్చేదాకా ఓపిక పట్టిందట. ఆ ఓపికలోనే ఆ విద్య అంతా ఉన్నదని డాక్టర్లకు తెలుసు. తెల్లవారి నేను వెళ్ళేసరికి తల్లీ పిల్లా క్షేమం. రిజిస్టరులో "కాన్పు చేసినవారు" అన్న గడిలో, అలవాటు ప్రకారం, "వైద్యాధికారి" అని వ్రాసి సంతకం చేశాను. ఆమె కొంచెం సేపు నిలబడి, "డాక్టరుగారండీ, అందులో నా పేరు కూడా వేయండి" అన్నది. "ఎవరి పేరైతే ఏమిటమ్మా, పిల్ల బ్రతికింది కదా" అన్నాను. "అదీ నిజమేలెండి" అని వెళ్ళిపోయింది. వరద తీశాక జరిగిన సమావేశంలో ఆ కాన్పుకు మెప్పు నాకు వచ్చింది. చేతులు జోడించి పుచ్చుకొన్నాను కూడా.

రెండవది ఉద్యోగం చివరి సంవత్సరాలలోది. నేను ఒక ఆసుపత్రికి పెద్దగా ఉన్నాను. పై నుంచి సిబ్బంది సంతృప్తి పత్రాలు వచ్చాయి, వారంలో నింపి పంపమని. నర్సులందరినీ నా గదిలోకే పిలిపించి, టీ, బిస్కెట్లు తెప్పించి, నా ఎదుటనే నింపించాను. అందరూ చాలా సంతృప్తి, పూర్తి సంతృప్తి అన్న గడులలోనే టిక్కు పెట్టారు. నాకు ఎంత గర్వం! ఆ తరువాత రెండు నెలల లోపల పురిటి గది నుంచే మూడు బదిలీ అర్జీలు నా బల్ల మీదకు వచ్చాయి. వారిలో పెద్దామెను పిలిచి అడిగితే, "మీరు ఎదురుగా కూర్చొని నింపమంటే ఏం నింపుతామండీ" అన్నది. కోపంగా కూడా అనలేదు.

మా పలివెల శ్రీ ఉమా కొప్పేశ్వరస్వామి వారి స్థలపురాణం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ప్రసాదపు పూవులలో తల వెంట్రుక కనిపించి రాజు నిలదీస్తే, పూజారి ప్రాణభయంతో అది స్వామి శిరసుదేనని అబద్ధమాడాడు. భక్తుని కాపాడటానికి లింగానికి కొప్పు మొలిచింది. ఆ స్వామి దయామయుడు. కాని నేను పంపిన సంతృప్తి నివేదికను నిజం చేయడానికి ఏ దేవుడూ దిగిరాలేదు. వట్టి లింగానికి కొప్పు ఉన్నదని వ్రాసి పంపే మావంటి పూజారులు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు, అడిగే రాజులకూ గర్భగుడిలోకి వచ్చి చూసే ఆసక్తి లేదు.

"ప్రభుత్వం జీతం ఇస్తున్నది కదా, ఇంకా సంతృప్తి ఏమిటి? తల్లి సంతృప్తి చాలదా?" అని నా తోటి విశ్రాంత వైద్యుడు ఒకాయన ఉదయపు నడకలో దబాయించాడు. తల్లి సంతృప్తి తప్పక కొలవాలి. పురిటి బల్ల మీద తల్లిని కసురుకోవడం, తొడ మీద చరచడం నేను కళ్ళారా చూశాను. దానిని ఏ రాత్రి డ్యూటీ పేరు చెప్పీ సమర్థించను. 2017 చివరలో మొదలైన లక్ష్య కార్యక్రమం పురిటి గదుల నాణ్యతతో పాటు తల్లి గౌరవాన్ని కూడా లెక్కలోకి తెచ్చింది, అది మంచి పని. సేవలు పొందినవారిలో 80 శాతం మంది సంతృప్తి చెందాలన్నది ఆసుపత్రికి ఇచ్చే ప్రోత్సాహక నగదుకు ఒక షరతు. జాతీయ నాణ్యతా ప్రమాణాలలో రోగుల, ఉద్యోగుల సంతృప్తి అని ఒక ప్రమాణానికి పేరు కూడా పెట్టారు. మరి ఆ షరతులో ఉద్యోగి సంతృప్తికి ఒక్క శాతమైనా ఎందుకు లేదు? రాత్రి మూడు గంటలకు నలుగురు తల్లుల మధ్య ఒంటరిగా పరుగులు పెట్టే మనిషి నోటి నుంచి మర్యాద రావాలని శాసిస్తూ, ఆ మనిషి ఒంటరిగా ఎందుకున్నదని అడగకపోవడం ఏ న్యాయం?

మన రాష్ట్రంలో ఆసుపత్రి కాన్పులు 96.5 శాతమని అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అంటే ఇంచుమించు ప్రతి తెలుగు బిడ్డా ఒక నర్సు చేతుల మీదుగానో, ఆమె కళ్ళ ఎదుటనో ఈ లోకంలోకి వస్తున్నది. అదే సర్వేలో సిజేరియన్లు 42.4 శాతం, ప్రైవేటులో 63 శాతం. ప్రైవేటు ఆసుపత్రి పురిటి గది చాలాచోట్ల ఆపరేషన్ థియేటరుకు వెళ్ళే దారిలో ఒక వరండా అయిపోయింది. అక్కడి నర్సు చేసే కాన్పులు ఎన్ని? కొన్నిచోట్ల అరకొర జీతాలకు తోడు, మానివేయకుండా సర్టిఫికెట్లు అట్టిపెట్టుకొనే పద్ధతి కూడా ఉన్నది. వారి సంతృప్తిని కొలవడానికి ప్రశ్నపత్రం పట్టుకొని ఎవరైనా గేటు దాటగలరేమో చూడండి.

అయితే కొలవవద్దంటావా అని ఆ అమ్మాయి అడిగింది. కొలవాలి. సూపరింటెండెంటు చేత పంచబడి, సూపరింటెండెంటుకే తిరిగి చేరే పత్రం మాత్రం వద్దు. పేరు వ్రాయనక్కరలేదని భరోసా ఇచ్చి, క్రింద వయస్సు, సర్వీసు, పెళ్ళయినదా లేదా అని గడులు పెడితే, ఆరుగురున్న చోట ఏ పత్రం ఎవరిదో అటెండరు కూడా చెప్పగలడు. కనుక ఒక్కొక్క ఆసుపత్రి పేరున కాక కోనసీమ జిల్లా అంతటినీ కలిపి తీసుకోవాలి, రెగ్యులరు, కాంట్రాక్టు లెక్కలు వేరువేరుగా చూపాలి. ఉన్నవారిని మాత్రమే అడిగితే భరించగలిగినవారి మాటే వినబడుతుంది, బదిలీ మీద పోయినవారినీ మానివేసినవారినీ వెదకి అడగాలి. అభిప్రాయాలతో పాటు లెక్కకు దొరికే నిజాలను కూడా పక్కన పెట్టుకోవాలి: నెలకు ఎన్ని రాత్రులు, ఒక్కో రాత్రి ఒక్కో నర్సుకు ఎన్ని కాన్పులు, రెండవ మనిషి ఎన్నిసార్లు ఉన్నది, పిలిచిన డాక్టరు ఎంతసేపటికి వచ్చాడు. ఈ చివరిది వ్రాస్తుంటే నా చేయే కొంచెం తడబడుతున్నది. వచ్చిన ఫలితాన్ని ముందుగా జవాబిచ్చిన నర్సులకే చదివి వినిపించాలి. దేనినీ మార్చే ఉద్దేశం లేనప్పుడు అడగకపోవడమే మర్యాద. ఒకసారి మనసు విప్పి చెప్పి, ఏమీ జరగక, రెండవసారి అందరూ "చాలా సంతృప్తి" అన్న గడికే టిక్కు పెడతారు.

2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తదితరులు 93 దేశాలలో 2,470 మంది ప్రసూతి సిబ్బందిని వారి మాటల్లోనే మాట్లాడనిచ్చారు. గౌరవం లేకపోవడం, మాట చెల్లకపోవడం, రాత్రివేళ రాకపోకలకు భయం, ఇవే దేశదేశాలా వినిపించాయి. అవే మాటలు మన అయినవిల్లి, ముమ్మిడివరం బస్సులలో డ్యూటీ దిగి కూర్చొన్న నర్సుల దగ్గర వినవచ్చు.

చివరకు ఆ అమ్మాయికి ఉత్తరం వ్రాసి ఇచ్చాను, సూపరింటెండెంట్లకు మాత్రం కాదు. పదవీ విరమణ చేసి ఇళ్ళలో ఉన్న నాకు తెలిసిన ఇద్దరు పెద్ద నర్సులకు. వారు తమ శిష్యురాళ్ళను ఆదివారాలు ఇళ్ళకు పిలిచి, ఆసుపత్రి గోడలకు దూరంగా కూర్చోబెట్టి మాట్లాడిస్తామన్నారు. ఆ పిల్ల గైడుగారు ఒప్పుకోవాలి, అది వేరే తంటా. వెళ్ళేముందు తన పత్రం అడుగున పెన్నుతో 37వ ప్రశ్న వ్రాసుకొన్నది: "మీరు చేసిన కాన్పు రిజిస్టరులో మీ పేరున నమోదు అవుతున్నదా?" దీనికి మార్కులు ఎలా వేయాలండీ అని అడిగింది. అవును, కాదు అని రెండు గడులు పెట్టమన్నాను.